/టెంప్ ఎందుకు నిండుతోంది: జెడ్‌ఓఎస్ టీఎఫ్‌ఎస్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

మా మెయిన్‌ఫ్రేమ్ మీద జెడ్‌ఓఎస్ నడిచే టెస్ట్ ఎల్‌పార్‌లో (ఒకే మెషీన్‌ని పంచుకునే విడి సిస్టమ్‌లలో ఒకటి) రాత్రి నడిచే జావా బ్యాచ్ మళ్లీ పడిపోయింది. జాబ్ లాగ్‌లో ఈడీసీ5133ఐ, అంటే డివైస్‌లో చోటు లేదు. సరిగ్గా అదే టైమ్‌కి వేరే టీమ్ వాళ్ల సీ కంపైల్ కూడా మధ్యలో ఆగిపోయింది. వాళ్లకి వచ్చిన మెసేజ్ వేరే రకంగా ఉంది కానీ లోపలికి వెళ్లి చూస్తే అదే ఎర్‌నో (ఎర్రర్ నంబరు), 133. ఈ రెండు పనులకీ ఎక్కడా సంబంధం లేదు, ఇద్దరూ వాడేది ఒక్క /టెంప్ (తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే డైరెక్టరీ) మాత్రమే.

ఇలా నిండినప్పుడల్లా ఇక్కడ ఒకటే వైద్యం: ఎవరో ఒకరు సూపర్‌యూజర్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) వెళ్లి కనిపించిన పాత ఫైళ్లు కొట్టేస్తారు, అది చాలకపోతే వారాంతం ఐపీఎల్ (సిస్టమ్ మొత్తాన్ని మళ్లీ లేపడం) దాకా లాక్కొస్తారు. ఐపీఎల్ తర్వాత /టెంప్ ఖాళీగా లేస్తుంది కాబట్టి టికెట్ మూసేస్తారు. మళ్లీ కొన్నాళ్లకి అదే టికెట్ వేరే నంబరుతో వస్తుంది. ఈసారి సైజు పెంచేసి చేతులు దులుపుకోకుండా, ఆ చోటు ఎవరి దగ్గర ఉందో తేల్చేదాకా వదలకూడదని దీన్ని చిన్న ప్రాజెక్టుగా తీసుకున్నాను. చూసినవి చూసినట్టు ఇక్కడ రాసుకుంటూ పోతాను, నా తర్వాత ఈ సిస్టమ్ చూసే వాళ్లకి పనికొస్తుంది.

యూనిక్స్ సిస్టమ్ సర్వీసెస్ (జెడ్‌ఓఎస్‌లో ఉండే యూనిక్స్ భాగం) వైపు ఎక్కువ వెళ్లని వాళ్ల కోసం రెండు మాటలు. టీఎఫ్‌ఎస్ అంటే మెమరీలో ఉండే ఫైల్ సిస్టమ్, దానికి డిస్క్ మీద డేటాసెట్ ఏమీ ఉండదు. బీపీఎక్స్‌పీఆర్‌ఎం అనే సెట్టింగుల మెంబర్‌లో ఒక మౌంట్ స్టేట్‌మెంట్ (ఫైల్ సిస్టమ్‌ని ఒక డైరెక్టరీకి తగిలించమనే మాట) రాస్తాం, టైప్ టీఎఫ్‌ఎస్ అని, పార్మ్‌లో మైనస్ ఎస్ పెట్టి ఎన్ని మెగాబైట్లో ఇస్తాం. సైజు ఇవ్వడం మర్చిపోతే డిఫాల్ట్ 1 మెగాబైటే, ఇది గుర్తుపెట్టుకోవాలి. అన్‌మౌంట్ చేసినా, ఐపీఎల్ అయినా లోపల ఉన్నదంతా పోతుంది. మా /టెంప్‌కి 500 ఇచ్చి ఉంది.

మంగళవారం

ముందు డీఎఫ్ మైనస్ కే, అంటే ఫైల్ సిస్టమ్‌లో ఎంత చోటుందో కిలోబైట్లలో చెప్పే కమాండ్. లినక్స్ నుంచి వచ్చిన వాళ్లు ఇక్కడ ఒకసారి ఆగి చదవాలి, ఎందుకంటే జెడ్‌ఓఎస్ డీఎఫ్‌లో మౌంట్ అయిన చోటు ముందు వస్తుంది, ఆ తర్వాత ఫైల్ సిస్టమ్ పేరు, ఆ తర్వాత ఖాళీ బై మొత్తం. వాడింది కాదు, మిగిలింది. మా ఆపరేటర్ ఒకాయన "ఇంకా బోలెడు ఉంది సార్, 18 మెగాబైట్లే వాడారు" అని ఫోన్‌లో చెప్పారు, నిజానికి మిగిలిందే 18. మైనస్ కే లేకుండా ఇస్తే లెక్క 512 బైట్ల బ్లాకుల్లో వస్తుంది, అప్పుడు ఇంకా కంగారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. డీఎఫ్ ఇచ్చినప్పుడు ఆ వరుసలో టీఎఫ్‌ఎస్ పేరే వస్తోందా లేదా. ఐపీఎల్‌లో మౌంట్ ఏ కారణం చేతనైనా ఫెయిలైతే /టెంప్ అనే డైరెక్టరీ అలాగే ఉంటుంది, దాన్లో రాసేదంతా పైన ఉన్న ఫైల్ సిస్టమ్‌లోకి పోతుంది, అప్పుడు మనం వెతకాల్సిన నిండిన చోటు ఇది కానే కాదు. మా దగ్గర సిస్‌ప్లెక్స్ (కలిసి పనిచేసే జెడ్‌ఓఎస్ సిస్టమ్‌ల గుంపు) షేర్డ్ ఫైల్ సిస్టమ్ కాబట్టి /టెంప్ అనేది నిజానికి సింబాలిక్ లింకు, సిస్టమ్ పేరు కింద ఉన్న టెంప్‌కి వెళ్తుంది, ప్రతి సిస్టమ్‌కీ సొంత టీఎఫ్‌ఎస్. అందుకే కన్సోల్ నుంచి డీ ఓఎంవీఎస్,ఎఫ్ కూడా ఇచ్చి బీపీఎక్స్‌ఓ045ఐ జవాబులో ఏ టీఎఫ్‌ఎస్ ఏ పార్మ్‌తో మౌంట్ అయిందో చూశాను. పేరూ సరే, 500 సరే, మౌంట్ సరే.

ఆ తర్వాత డీయూ మైనస్ ఎస్‌కే, అంటే డైరెక్టరీల్లో కనిపించే ఫైళ్ల సైజులు కూడే కమాండ్. అసలు విషయం ఇక్కడ మొదలైంది. ఫైళ్లన్నీ కలిపితే 140 మెగాబైట్ల చిల్లర. డీఎఫ్ ప్రకారం 480 పైన వాడేశారు. మిగతా 340 మెగాబైట్లు ఏ డైరెక్టరీలోనూ లేవు. నేను సూపర్‌యూజర్‌గానే ఉన్నాను, అంటే పర్మిషన్ లేక డీయూ వదిలేసిన డైరెక్టరీలు లేవు. చిన్న ఫైళ్ల వల్ల కూడా కాదు, ఎందుకంటే వంద బైట్ల ఫైలైనా ఒక 4కే బ్లాకు తినే మాట నిజమే కానీ ఇక్కడున్న ఫైళ్ల సంఖ్యకి ఆ తేడా పదుల్లో కూడా రాదు.

పేరు లేని చోటు అంటే సాధారణంగా ఒకటే అర్థం: ఎవరో తెరిచి పట్టుకున్న ఫైలుని ఇంకెవరో డిలీట్ చేశారు. యూనిక్స్‌లో ఆర్‌ఎం (డిలీట్ కమాండ్) తీసేది పేరుని మాత్రమే, చివరి ప్రాసెస్ ఆ ఫైలుని క్లోజ్ చేసేదాకా బ్లాకులు తిరిగి రావు. ఇది జెడ్‌ఓఎస్‌లోనూ అంతే.

మంగళవారం సాయంత్రం

నమ్మకంతో ముందుకెళ్లడం కన్నా చేసి చూడటం మంచిదని వేరుగా ఒక బుల్లి టీఎఫ్‌ఎస్ మౌంట్ చేశాను, 10 మెగాబైట్లది, కొత్త డైరెక్టరీ మీద. మౌంట్ చెయ్యడానికి యూఐడీ సున్నా (సూపర్‌యూజర్) అక్కర్లేదు, సెక్యూరిటీ వైపు యూనిక్స్‌ప్రివ్ క్లాసులో సూపర్‌యూజర్.ఫైల్‌సిస్.మౌంట్ ప్రొఫైల్‌కి యాక్సెస్ ఉంటే చాలు, టెస్టులకి నేను దాన్నే వాడతాను. షెల్‌లో ఎగ్జెక్‌తో ఫైల్ డిస్క్రిప్టర్ 3ని (తెరిచిన ఫైలుని ప్రాసెస్ గుర్తుపట్టే నంబరు) ఒక ఫైలు మీద తెరిచి, దాన్లోకి 6 మెగాబైట్లు రాసి, ఆ ఫైలుని ఆర్‌ఎం చేశాను. ఎల్‌ఎస్‌లో ఏమీ లేదు, డీయూలో ఏమీ లేదు, డీఎఫ్‌లో మాత్రం 6 మెగాబైట్లు అలాగే వాడుకలో ఉన్నాయి. డిస్క్రిప్టర్ 3ని క్లోజ్ చేశాను, ఆ క్షణమే డీఎఫ్ వెనక్కొచ్చింది. పెద్ద /టెంప్‌లో కనిపించిన బొమ్మ ఇదే, చిన్న సైజులో.

ఇప్పుడు ఆ ప్రాసెస్ ఎవరిది?

బుధవారం

లినక్స్‌లో అయితే /ప్రాక్ కిందకి వెళ్లి ఏ ప్రాసెస్ డిలీటైన ఫైలు పట్టుకుందో ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. జెడ్‌ఓఎస్‌లో /ప్రాక్ లేదు. ఉన్నది ఫ్యూజర్ అనే కమాండ్. మైనస్ సీ ఇస్తే ఆ ఫైల్ సిస్టమ్ మొత్తంలో ఏదైనా ఫైలు తెరిచిన ప్రాసెస్‌లన్నీ ఇస్తుంది, మైనస్ యూ కలిపితే యూజర్ పేరు కూడా. ఒక హెచ్చరిక: ఫ్యూజర్‌కి మైనస్ కే కూడా ఉంది, అది దొరికిన ప్రతి ప్రాసెస్‌కీ కిల్ సిగ్నల్ పంపుతుంది. డీఎఫ్ మైనస్ కే అలవాటులో వేలు దాని మీదకి పోతుంది, /టెంప్ మీద అది ఇచ్చారంటే సగం సిస్టమ్ పోయినట్టే. చేతిరాత కాగితం మీద కమాండ్ మొత్తం రాసుకుని, దాన్ని చూసి టైప్ చేశాను.

వచ్చిన పీఐడీల (ప్రాసెస్ నంబర్ల) వరుస చిన్నదేం కాదు. నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ మైనస్ ఈఎఫ్‌తో పక్కపక్కన పెట్టి చూశాను. జావా సర్వర్లు రెండు, సిస్‌లాగ్‌డీ (లాగులు రాసేది), క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది), కొన్ని షెల్ సెషన్లు, మా సొంతంగా రాసుకున్న మానిటరింగ్ ఏజెంట్ ఒకటి. కొత్త విడుదలల్లో జెడ్‌ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే టూల్ ఉంటుంది, ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచిందో ఐనోడ్ నంబరుతో (ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైలుకీ ఇచ్చే నంబరు) సహా చూపిస్తుంది. దాన్ని ఈ ఫైల్ సిస్టమ్‌కి నడిపి, వచ్చిన ఐనోడ్ నంబర్లని ఎల్‌ఎస్ మైనస్ ఐ ఇచ్చే నంబర్లతో పోల్చాను. తెరిచి ఉన్నాయి కానీ ఏ డైరెక్టరీలోనూ లేవు, అలాంటి ఐనోడ్లు కొన్ని మిగిలాయి. చాలావాటికి యజమాని ఒక్కడే, మానిటరింగ్ ఏజెంట్.

ఆ ఏజెంట్ చూసుకునే ఆవిడకి ఫోన్ చేశాను. "మా ట్రేస్ ఫైలు /టెంప్‌లోనే ఉంటుందండీ, కానీ మేము దాన్ని డిలీట్ చెయ్యం, అసలు మా కోడ్‌లో ఆర్‌ఎం అనేదే లేదు" అన్నారు. కోడ్ పంపించారు కూడా, నేనూ చదివాను, ఆవిడ చెప్పింది నిజమే. మొదలయినప్పుడు ఫైలు తెరుస్తుంది, ఆగేదాకా రాస్తూనే ఉంటుంది, అంతే. ఒక్క ప్రాసెస్ కాదు, సబ్‌సిస్టమ్‌కొక ప్రాసెస్, ఒక్కోదానికి ఒక్కో ట్రేస్.

మరి పేరు ఎవరు తీసేస్తున్నారు?

బుధవారం, రాత్రి పొద్దుపోయాక

దొరికింది. ఇది రాస్తుంటే నిజంగా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఇలాంటిది ఏ మెసేజ్‌లోనూ కనిపించదు.

జెడ్‌ఓఎస్‌తో పాటు /శాంపిల్స్‌లో స్కల్కర్ అని ఒక స్క్రిప్టు వస్తుంది, పాత ఫైళ్లు ఊడ్చే పని దానిది. చాలా చోట్ల దాన్ని కాపీ చేసుకుని, తమకి తగ్గట్టు మార్చుకుని, క్రాన్‌లో పెట్టేస్తారు. మా దగ్గరా అంతే, రోజూ రాత్రి నడుస్తుంది, రెండు రోజులు దాటిన ఫైళ్లు తీసేయమని. మా కాపీ తెరిచి చూస్తే అది ఫైలు వయసుని లెక్కేసేది ఏటైమ్‌తో, అంటే చివరిసారి చదివిన టైమ్‌తో.

ఆలోచించండి. ఒక ఫైలులోకి రాస్తే మారేది ఎంటైమ్ (చివరిసారి రాసిన టైమ్), సీటైమ్ (ఫైలు వివరాలు మారిన టైమ్). ఏటైమ్ మారాలంటే ఎవరైనా దాన్ని చదవాలి. ట్రేస్ ఫైలుని సమస్య వస్తే తప్ప ఎవరు చదువుతారు? కాబట్టి ప్రతి సెకనూ రాస్తున్న ఫైలు, స్కల్కర్ కంటికి పుట్టిన రోజు నుంచి ఎవరూ ముట్టని ఫైలులాగే ఉంటుంది. ఏజెంట్ మొదలైన మూడో రాత్రికి దాని పేరు తీసేస్తుంది. ఏజెంట్‌కి ఆ సంగతి తెలీదు, తన డిస్క్రిప్టర్ తన దగ్గర ఉంది కాబట్టి రాస్తూనే ఉంటుంది. అక్కణ్నుంచి ఆ ఫైలు పెరుగుతూనే ఉంటుంది, దాన్ని చూడటానికి ఎవరికీ దారి లేదు. /టెంప్ నిండకుండా చూడాల్సిన స్క్రిప్టే దాన్ని కనపడకుండా నింపే పరిస్థితి తెచ్చింది.

పక్క ఎల్‌పార్‌లో అదే ఏజెంట్ ఇంకా కొత్తగా స్టార్ట్ అయి ఉంది, అక్కడ ఫైలు పేరు ఇంకా బతికే ఉంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ ఇస్తే ఈ నిమిషం టైమ్ చూపిస్తోంది, మైనస్ ఎల్‌యూ ఇస్తే, అంటే యాక్సెస్ టైమ్ అడిగితే, నిన్న స్టార్ట్ అయిన టైమ్ చూపిస్తోంది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గురువారం

ఈ రోజు పని చోటు వెనక్కి తెచ్చుకోవడం. అన్‌మౌంట్ చేసి పెద్ద సైజుతో మళ్లీ మౌంట్ చేద్దామని ఒకరు గట్టిగా అడిగారు. నేను ఒప్పుకోలేదు. మామూలు అన్‌మౌంట్ ఎలాగూ జరగదు, ఫైళ్లు తెరిచి ఉన్నాయి. ఇమీడియట్ అని బలవంతం చేస్తే మన చెత్తతో పాటు మిగతా వాళ్ల పని ఫైళ్లు, పీఐడీ ఫైళ్లు, యూనిక్స్ డొమైన్ సాకెట్లు అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. జావా ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి వాడే .కామ్_ఐబీఎం_టూల్స్_అటాచ్ డైరెక్టరీ కూడా /టెంప్ కిందే ఉంటుంది. స్టార్ కొట్టి ఆర్‌ఎం చెయ్యడం కూడా ఇదే కారణంతో వద్దు.

మానిటరింగ్ ఏజెంట్‌ని కన్సోల్ నుంచి పీ కమాండ్‌తో పద్ధతిగా ఆపి, మళ్లీ ఎస్‌తో స్టార్ట్ చేయించాను. ఆగిన మరుక్షణం డీఎఫ్‌లో 300 మెగాబైట్లకి పైగా వెనక్కొచ్చాయి. ఫైల్ సిస్టమ్ ముట్టుకోలేదు, ఇంకెవరి పనీ ఆగలేదు.

మిగిలిన 140 మెగాబైట్లలో కూడా కొంత చూడాల్సింది ఉంది. సీఈఈడంప్ ఫైళ్లు (ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు రాసే డంపులు) చాలా పడున్నాయి. లాంగ్వేజ్ ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రామ్‌లు నడవడానికి జెడ్‌ఓఎస్ ఇచ్చే రన్‌టైమ్) డంప్ రాసేటప్పుడు ముందు _సీఈఈ_డీఎంపీటార్గ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తుంది, అది లేకపోతే ప్రస్తుత డైరెక్టరీ, అక్కడ రాయలేకపోతే టీఎంపీడీఐఆర్ వేరియబుల్ చూపించే చోటు, చివరికి /టెంప్. అంటే ఎవరూ ఏమీ చెప్పని డంపులన్నీ చివరికి చేరేది ఇక్కడికే. ఒకే ప్రోగ్రామ్ రోజూ ఒకే చోట పడిపోతూ రోజూ ఒక డంప్ పెడుతోంది, దాని ఓనర్లకి అది పడిపోతున్నట్టు కూడా తెలీదు. వాళ్లకి డంపులు పంపించాను. ఇంకొకరు ఎస్‌ఎంపీఈ (సాఫ్ట్‌వేర్, ఫిక్సులు ఎక్కించే టూల్) రిసీవ్ కోసం ఎస్‌ఎంపీఎన్‌టీఎస్ డైరెక్టరీని /టెంప్ కింద పెట్టుకున్నారు, మెయింటెనెన్స్ ప్యాకేజీ పెద్దది వచ్చిన రోజు అదొక్కటే చాలు మొత్తం నింపడానికి. దాన్ని సొంత జెడ్‌ఎఫ్‌ఎస్‌కి (డిస్క్ మీద ఉండే ఫైల్ సిస్టమ్‌కి) మార్చుకోమని చెప్పాను, మార్చుకున్నారు.

శుక్రవారం

సైజు గొడవ ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మీటింగ్‌లో "మెమరీ చాలా ఉంది కదా, 2000 ఇచ్చేద్దాం" అన్నారు. టీఎఫ్‌ఎస్‌లో రాసే ప్రతి మెగాబైటూ ఏదో ఒక అడ్రస్ స్పేస్ (జెడ్‌ఓఎస్‌లో ఒక్కో పనికీ ఉండే సొంత మెమరీ) స్టోరేజీలోంచే వస్తుంది. ఫైల్‌సిస్‌టైప్ స్టేట్‌మెంట్‌లో ఏఎస్‌నేమ్ ఇవ్వకపోతే టీఎఫ్‌ఎస్ కెర్నెల్‌లోనే, అంటే ఓఎంవీఎస్ అడ్రస్ స్పేస్‌లోనే నడుస్తుంది. మాది అలాగే ఉంది. ఎవడో ఒకడి ట్రేస్ ఫైలు యూనిక్స్ కెర్నెల్ స్టోరేజీ తినడం నాకు అస్సలు నచ్చే విషయం కాదు. పైగా ఆ పేజీలు ఎవరూ ముట్టకుండా పడి ఉంటే, రియల్ స్టోరేజీ మీద ఒత్తిడి వచ్చినప్పుడు డిస్క్ మీది ఆక్జిలరీ స్టోరేజీకి పోతాయి. అంటే డిస్క్ వాడటం లేదనుకుంటూనే చెత్తని పేజ్ డేటాసెట్లలో దాస్తున్నాం. అది బాగా ముదిరితే ఐఆర్‌ఏ200ఈ, అంటే ఆక్జిలరీ స్టోరేజీ కొరత మెసేజ్, వచ్చే దాకా పోతుంది, అప్పుడు బాధ పడేది ఒక్క యూనిక్స్ కాదు, మొత్తం సిస్టమ్. ఏమీ తేలకుండా 2000 ఇచ్చి ఉంటే అదే లీకు, కాకపోతే నాలుగింతలు ఎక్కువ రోజులు దాక్కునేది.

చివరికి ఒప్పుకున్నది ఇది. /టెంప్ 500 దగ్గరే ఉంటుంది. ఎక్కువ తినే జావా బ్యాచ్‌కి వేరే టీఎఫ్‌ఎస్, దాని సొంత మౌంట్ పాయింట్ మీద, టీఎంపీడీఐఆర్ అక్కడికి చూపిస్తాం, జావాకి విడిగా జావా.ఐఓ.టీఎంపీడీఐఆర్ ప్రాపర్టీ కూడా ఇస్తాం, ఎందుకంటే జావా టీఎంపీడీఐఆర్‌ని పట్టించుకుని తన టెంపరరీ డైరెక్టరీ మార్చుకోదు. పెద్ద సార్ట్‌లు చేసే వాళ్లు మైనస్ టీతో డైరెక్టరీ చెప్పుకోవచ్చు. ట్రేసులు, డంపులు రెండూ అసలు మెమరీలో ఉండాల్సినవి కావు. సిస్టమ్ పడిపోయిన తర్వాత కావాల్సిన సమాచారాన్ని సిస్టమ్ పడితే పోయే చోట పెట్టడం ఏమిటి? వాటికి /వార్ కింద ఒక జెడ్‌ఎఫ్‌ఎస్, ఏజీజీఆర్‌గ్రో (నిండితే తనంతట పెరిగే ఆప్షన్) ఆన్ చేసి. నిండొస్తే జెడ్‌ఎఫ్‌ఎస్‌ఏడీఎమ్ గ్రోతో మౌంట్ అయి ఉండగానే పెంచుకోవచ్చు.

ఇంక టీఎఫ్‌ఎస్‌ని కెర్నెల్ బయటికి తీసుకురావడం. ఫైల్‌సిస్‌టైప్‌కి ఏఎస్‌నేమ్ చేర్చి కాలనీ అనే వేరే అడ్రస్ స్పేస్‌లో నడిపించాలి, దానికి బీపీఎక్స్‌వీసీఎల్‌ఎన్‌వై ప్రోగ్రామ్‌ని నడిపే ప్రొసీజర్ ఒకటి ప్రొక్‌లిబ్‌లో ఉండాలి. ఇది ఐపీఎల్‌తోనే చేద్దామని నిర్ణయించాం. కొత్త మెంబర్ రాసి సెట్ఓఎంవీఎస్ సింటాక్స్‌చెక్‌తో చూసుకున్నాను, ఒక కొటేషన్ గుర్తు తేడా అక్కడే దొరికింది. ఐపీఎల్ మధ్యలో దొరకడం కన్నా ఎంతో నయం, ఈ కమాండ్‌ని ఇంకా ఎక్కువ మంది వాడాలి.

తర్వాతి సోమవారం

ఐపీఎల్ సాఫీగా అయింది. మౌంట్ పార్మ్‌లో మైనస్ పీ 1777 (పర్మిషన్లు, మొదటి 1 అంటే స్టికీ బిట్) కూడా చేర్చాను, స్టికీ బిట్ లేకపోతే ఎవరి ఫైలుని ఎవరైనా తీసేయొచ్చు, అప్పుడు ఈ రకం వెతుకులాట పది రెట్లు కష్టం అవుతుంది.

స్కల్కర్ మార్పులు ఎక్కువ ఆలోచన తీసుకున్నాయి. ఏటైమ్ ఒక్కటే కాకుండా ఎంటైమ్ కూడా పాతదైతేనే తీసెయ్యాలి, ఫైండ్‌లో రెండు షరతులూ పక్కపక్కన పెడితే రెండూ నిజమవ్వాలి కాబట్టి ఇది ఒక్క మాట చేర్పు. కానీ అది కూడా పూర్తి కాపలా కాదు, ఎందుకంటే ఫైలు తెరిచి వారం రోజులు ఏమీ రాయని ప్రాసెస్‌లు ఉంటాయి. అందుకని తీసేసే ముందు ఆ ఒక్క ఫైలు మీద ఫ్యూజర్ అడిగి, ఎవరైనా పట్టుకుని ఉంటే వదిలేసి లాగ్‌లో పేరు రాసేలా చేశాను. నెమ్మదిగా నడుస్తుంది, నడవనీ, రాత్రి పూట దానికి తొందరేం లేదు. డాట్‌తో మొదలయ్యే అటాచ్ డైరెక్టరీని పూర్తిగా మినహాయించాను.

ఏజెంట్ ఆవిడ తన వైపు కూడా మార్చారు. ట్రేస్ ఫైలు కొత్త జెడ్‌ఎఫ్‌ఎస్‌కి పోయింది, ఒక సైజు దాటగానే క్లోజ్ చేసి కొత్తది తెరుస్తుంది. "ఫైలుని సున్నా చేసేస్తే సరిపోదాండీ?" అని అడిగారు. అపెండ్ మోడ్‌లో తెరిచి ఉంటే సరిపోతుంది, ప్రతి రాత చివరికే వెళ్తుంది. అపెండ్ లేకుండా తెరిచి ఉంటే ప్రాసెస్ తన పాత ఆఫ్‌సెట్ దగ్గర్నుంచే రాస్తుంది, ఎల్‌ఎస్‌లో ఫైలు మళ్లీ పాత సైజుకే ఎగిరి కనిపిస్తుంది. వాళ్ల కోడ్‌లో అపెండ్ లేదు, అందుకే క్లోజ్ చేసి తెరవడమే మేలని ఇద్దరం అనుకున్నాం.

/టెంప్ ఎంత నిండిందో శాతం చెప్పే మెసేజ్ ఒక్కటే నాకు చాలదు, 90 అని తెలిస్తే ఎవరిని అడగాలి? చిన్న షెల్ స్క్రిప్టు రాసి క్రాన్‌లో పెట్టాను. ప్రతి పావుగంటకీ డీఎఫ్ లెక్క, డీయూ లెక్క రెండూ తీసుకుని తేడా రాస్తుంది. తేడా 50 మెగాబైట్లు దాటితే ఆ క్షణంలో ఫ్యూజర్ ఇచ్చిన వరుస, పీఎస్ వరుస కలిపి ఒక ఫైలులో పెడుతుంది, అది కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ మీదే, నిండిన చోట నిండిందని రాయలేం కదా.

నెలాఖరు

డీఎఫ్‌కీ డీయూకీ మధ్య తేడా ఇప్పుడు ఒక అంకెలో ఉంటోంది. /టెంప్ వాడకం 60 నుంచి 110 మెగాబైట్ల మధ్య తిరుగుతోంది, జావా బ్యాచ్ నడిచే గంటలో దాని సొంత టీఎఫ్‌ఎస్ 300 దాకా వెళ్లి మళ్లీ దిగుతోంది. 340 మెగాబైట్లు కనపడకుండా పోయిన రోజులకీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. కొత్త స్క్రిప్టు ఒక్కసారి మోగింది: జావా సర్వర్ ఒకటి అప్‌లోడ్ చేసిన ఫైలుని తెరిచి, డిలీట్ చేసి, క్లోజ్ చెయ్యకుండా వదిలేస్తోంది. వరుసలో పీఐడీ ఉంది కాబట్టి నేరుగా వాళ్లకే పంపించాను, స్ట్రీమ్ క్లోజ్ చెయ్యని చోటు ఆ సాయంత్రానికే చూపించారు.

మిగిలిన పని: సిస్‌ప్లెక్స్‌లో మిగతా సిస్టమ్‌లలో ఇంకా పాత స్కల్కర్ కాపీయే ఉంది, వాటిలో ఒకదానికి మౌంట్ పార్మ్‌లో సైజు అస్సలు లేదని ఈ రోజే చూశాను, అంటే ఆ /టెంప్ 1 మెగాబైటుతో నడుస్తోంది. దాని మార్పు తర్వాతి ఐపీఎల్ జాబితాలో చేర్చాను, అప్పటిదాకా అక్కడి వాళ్లకి టీఎంపీడీఐఆర్ వేరే చోటికి చూపించి పెట్టాను.